జేబులో తాళంచెవి

భోజన్న వీసా మీద హెల్పర్ అని రాసి ఉంది. నిర్మల్ దగ్గర ఊళ్ళో బోరు మోటార్లు విప్పి బిగించి బతికినవాడు, దుబాయ్‌కొచ్చాక గోడలకు గాడులు కొట్టి, పైపుల్లో వైర్లు లాగి, ఎలక్ట్రీషియన్ అడిగిన స్క్రూడ్రైవర్ అందిస్తూ మూడేళ్ళు గడిపాడు. కళ్ళ ముందు పని తప్పు జరుగుతున్నా మాట్లాడకూడదు. హెల్పర్‌కి చేతులే ఉంటాయి, నోరుండదు.

అందుకే 2014లో కంపెనీ పరీక్ష పెడుతుందని, నెగ్గినవాళ్ళను ఎలక్ట్రీషియన్లుగా తీసుకుంటుందని తెలిసినప్పటి నుంచి అతనికి అన్నం సయించలేదు. బోర్డు ముందు నిలబడి ‘జరుగుండ్రి, నేను చూస్త’ అనగలగాలి. కావలసింది అంతే.

అల్ ఖూజ్ వర్క్‌షాపు వెనక షెడ్డులో పరీక్ష. ఒక లైను ఆపాలి. ఆ స్విచ్చుకు సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. కరెంటు లేదని మీటరుతో తేల్చుకున్నాకే వైరు విప్పాలి. చూసేది రామచంద్రరావు, విజయవాడ నుంచి వచ్చిన ఇంజనీరు.

భోజన్న ఏదీ మరవలేదు. తాళం వేశాడు. మీటరు పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న ప్లగ్గులో చూశాడు. ఆపిన లైను మీద చూశాడు. మళ్ళీ ప్లగ్గులో చూశాడు. రామచంద్రరావు తల ఊపాడు. ఇక స్క్రూడ్రైవర్ అందుకోవడమే. అప్పుడు భోజన్న కుడిచెయ్యి తిరగబడి, వేళ్ళ వెనక వైపుతో వైరును అలా తాకి వచ్చింది.

“ఆగవయ్యా. ఖలాస్,” అన్నాడు రామచంద్రరావు.

“ఏమైంది సార్?”

“చేత్తో ముట్టుకున్నావు.”

“కరెంటు లేదు గద సార్! మీటర్ల మీరు గూడ జూస్తిరి.”

“చూశాను కాబట్టే అడుగుతున్నా. కరెంటు లేదని మీటరు చెప్పాక మళ్ళీ చెయ్యెందుకు?”

ఆ చెయ్యి ఎప్పుడు లేచిందో భోజన్నకే తెలియదు. రామచంద్రరావు కాగితం మీద ఫెయిల్ అని రాశాడు.

సాయంత్రం అల్ కుసైస్ లేబర్ క్యాంపుకు వెళ్ళే బస్సులో అతని గదిలో ఉండే మల్లేశ్ ఫోను ముందుకు చాపాడు. “భోజన్నా, చార్జింగ్ అయిందో లేదో జర చెయ్యివెట్టి జూడరాదే!”

బస్సంతా గొల్లుమంది. భోజన్న కిటికీ వైపు తిరిగాడు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని మోటారు విప్పినవాడైతే తెలిసేది, ఏసీ కింద కూర్చునేవాడికేం తెలుస్తుంది అని లోలోపల ఇంజనీరును తిట్టుకున్నాడు.

పక్క సీట్లో ఫోర్‌మన్ ఇమామ్ హుస్సేన్, కడప మనిషి. అతను మాత్రం నవ్వలేదు.

“ఎవురు నేర్పిచ్చినారప్పా నీకు, చెయ్యి పెట్టేది?”

“మా ఊర్ల నన్నే సాహెబ్ అని ఒక మెకానిక్ ఉన్నడు, ఆయన. అరచెయ్యి వెడ్తే కరెంటు పట్టుకుంటదట. ఎనుక దిక్కు వెడ్తే చెయ్యి ముడుసుకోని వైరు ఇడుస్తదట.”

“మీటరు లేనప్పుడు సరే. ఈడ ఉండాదే?”

“మీటర్ ఇప్పటి సంగతి చెప్తది హుస్సేన్ భాయ్. మనం అటు తిరగ్గనే ఎవడన్న ఫీజు వెడ్తే?”

ఆ మాట నోట్లోంచి వచ్చాకే భోజన్నకు తన చెయ్యి సంగతి తెలిసింది. ఊళ్ళో ఎందరి మోటార్లకో ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. కరెంటు ఆపడానికి దాని ఫీజు తీసి పనికి కూర్చుంటే, అవతలి మడికి నీళ్ళు పారడం లేదని ఇంకెవడో వచ్చి పెట్టేసేవాడు. చెడ్డవాడేం కాదు, వాడి వరి ఎండుతోంది. అందుకే స్క్రూ తిప్పబోయే ప్రతిసారీ చెయ్యి ఒకసారి వెళ్ళి చూసొచ్చేది. అది చూసేది కరెంటును కాదు, కనపడని మనుషులను.

“తాళంచెవి ఏడుండె నీకు?” అన్నాడు ఇమామ్ హుస్సేన్.

“జేబుల.”

“మరి ఎవుడొచ్చి ఏస్తాడు? నేనొచ్చినా, కంపెనీని నడిపే ముదీర్ వచ్చినా నిన్ను అడగాల్సిందే. తాళమైతే ఏసినావు గానీ నువ్వు దాన్ని నమ్మలేదప్పా.”

నిజమే, భోజన్న తాళం ఇంజనీరు కోసం వేశాడు. తన ప్రాణం తన జేబులో ఉండే ఏర్పాటు ఒకటి ఉంటుందని అతనికి ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. అది తెలుసుకోవడానికి సముద్రం దాటి రావాలా అన్న కోపం మాత్రం మిగిలింది.

మరుసటి పరీక్షలో కూడా చెయ్యి లేవబోయింది. దాన్ని జేబులోకి తోశాడు.

“జేబులో చెయ్యేంటయ్యా?” అన్నాడు రామచంద్రరావు.

“తాళంచెవి జూస్కుంటున్న సార్.”

“ఉందా?”

“ఉన్నది.”

“అయితే విప్పు.”

విప్పాడు. ఎలక్ట్రీషియన్ అయ్యాడు.

ఆ మరుసటి ఎండాకాలం సెలవు మీద ఊరెళ్ళినప్పుడు కొత్త మీటరుతోపాటు సొంతంగా కొన్న ఎర్ర తాళం కూడా తీసుకెళ్ళాడు. నన్నే సాహెబ్‌కు చూపు మందగించింది. కాలిపోయిన మోటారు ఒకటి విప్పాలంటే ఇద్దరూ పొలానికి వెళ్ళారు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఫీజుల డబ్బాకు తలుపే లేదు.

“ఏడ ఏస్తవు బేటా నీ తాళం?” అన్నాడు నన్నే సాహెబ్.

ఫీజులు తీసి జేబులో వేసుకున్నా లాభం లేదు. ఫీజు బదులు తీగముక్క చుట్టి మోటార్లు నడిపేవాళ్ళు అక్కడ పుట్టెడుమంది.

“మామా, నువ్వు ఈడనే కూసో,” అన్నాడు భోజన్న. “నేనొచ్చేదాంక ఎవ్వల్ని చెయ్యి వెట్టనియ్యకు.”

ముసలాయన తువ్వాల పరిచి డబ్బాకు అడ్డంగా కూర్చున్నాడు. భోజన్న మోటారు దగ్గరికి వెళ్ళి మీటరు పెట్టి చూశాడు. కరెంటు లేదు. అయినా కుడిచెయ్యి తిరగబడి లేచింది.

ఈసారి దాన్ని ఆపలేదు.