గాజుకోట ఆఖరి భాగం

మా అత్తగారు పోయారు. కబురు నాకు సంతలో, ఉప్పు కొలుస్తుండగా అందింది. వాళ్ళ పేట నుంచి దిగి వచ్చిన ముసలాయన, "బాబూ, మీ అత్త ఎల్లిపోనాది. తెల్లారగట్ట, నిద్దట్లోనే" అన్నాడు. దొంగ కబుర్లు చెప్పి జనాన్ని పరిగెత్తించడం నా అలవాటు గనక, ఎవరో నా మీదే ఆ ఎత్తు వేస్తున్నారనుకున్నాను. "ఇంతకంటే మంచిది ఏటీ తోచలేదేటి తాతా నీకు?" అన్నాను. ఆయన నవ్వలేదు. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అత్తగారు అనంతగిరి మీద ఒక చిన్న పేటలో మిషను బడి పంతులుగారి భార్య. ఆవిడకి చదువు ఆయనే నేర్పారు. ఆయన పోయాక కూడా ఆవిడ మైదానానికి దిగలేదు. నాది మూడో తరగతి. ఆ పైన బడికీ నాకూ పడలేదు. ఎడ్ల మీద ఉప్పూ కిరసనాయిలూ కొండకెక్కించి, చింతపండూ పసుపూ కిందికి దింపుకునే వ్యాపారం నాది. కిందికి వెళ్ళినప్పుడల్లా మూటల మధ్య మాయల కథల పుస్తకాలు దోపుకుని వచ్చేవాణ్ణి. పలచటి అట్ట, అలుక్కుపోయిన అచ్చు, భాగాలు భాగాలుగా సాగే కథలు.

మాలో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. క్రీస్తును నమ్ముకుని రెండు తరాలైనా ఈ పట్టింపును మాత్రం ఏ పాదిరీ వదిలించలేకపోయాడు. నేను వసారాలో పీట మీద కూర్చుంటే ఆవిడ తలుపు వెనక నిలబడేవారు. బాగున్నారా అని గానీ, దారిలో వాన తగిలిందా అని గానీ ఎప్పుడూ అడగలేదు.

"ఇప్పుడేటి సదువుతున్నారు బాబూ?" అదే మొదటి మాట.

"ఎగిరే మంచం కథలత్తయ్యా. తొలి భాగం బాగుంది. రెండో దాంట్లో మంచం ఎగరడం మానేసి నీతులు చెప్పడం మొదలెట్టింది."

"అయితే అది మీ మామగారుంటే ఆయనకి నచ్చును" అని తలుపు వెనక నవ్వు.

పుస్తకం మంచిదో కాదో చెప్పడానికి ఆవిడకొక కొలత ఉండేది. పొయ్యి మీద చోడి అంబలి పెట్టి చదవడానికి కూర్చునేవారు. అంబలి సరిగ్గా ఉడికితే అది ఉత్త పుస్తకం. పొంగితే పర్వాలేదు. మాడితే మాత్రం, "బాబూ, ఇది మీరు సదివి తీరాలి" అని కబురు వచ్చేది. మా ఆవిడ చిన్నతనమంతా మాడిన అంబలే తాగి పెరిగింది. ఇప్పటికీ నేను పుస్తకం పట్టుకుంటే పొయ్యి వైపు అనుమానంగా చూస్తుంది.

ఒకసారి పాదిరి అయ్యగారు వచ్చి, మంత్రాల కథలు విశ్వాసులకు తగవన్నారు. "ఆ కతల్లో ఎవరూ దేవుణ్ణి తిట్టరయ్యగారూ. మన పేటలో రోజూ తిడతారు" అన్నారు అత్తగారు. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు. వెళుతూ ఒక భాగం కూడా పట్టుకెళ్ళారు.

అంబలి అన్నిటికంటే ఎక్కువ మాడింది 'గాజుకోట'కి. ఒక ముసలి మంత్రగత్తె రాజుగారి కూతుర్ని కొండ మీద గాజుకోటలో పెడుతుంది. పిల్ల అందరికీ కనబడుతూనే ఉంటుంది, ఎవరికీ అందదు. భాగానికో యువరాజు వచ్చి, సుత్తితోనో కత్తితోనో కొట్టి ఓడిపోతాడు. నేను ముందుగా చదివి, లేనిపోనిది కల్పించి ఆవిడకి చెప్పేవాణ్ణి. "ఈసారి యువరాజుని తేలు కుట్టేసిందత్తయ్యా. పాపం, దక్కలేదు." నిజమనుకుని రెండు పూటలు ఆ పుస్తకం ముట్టుకోలేదట. చదివాక సంగతి తెలిసింది. తరువాతి భాగం నాకంటే ముందు ఆవిడ చేతిలో పడింది. నా దగ్గరికి వచ్చేసరికి చివరి పేజీలన్నీ సూదీ దారంతో గట్టిగా కుట్టేసి ఉన్నాయి. సంత వదిలేసి ఒక్కొక్క కుట్టే ఊడదీసుకున్నాను. అల్లుడికి ఇంత మర్యాద ఏ అత్తా చేసి ఉండదు.

సంతకి దిగే కొండ ఆడవాళ్ళు ఆవిడ వాకిట్లో బరువులు దించుకునేవారు. చదివిన భాగం చదివినట్టు వాళ్ళకి కథగా చెప్పేవారు అత్తగారు. వాళ్ళు ఊ కొట్టేవారు. అలా కొన్నేళ్ళు సాగింది. ఆఖరి భాగం ఒక్కటీ మిగిలి ఉండగా ఆవిడకి దగ్గు పట్టుకుంది. మా ఆవిడ వెళ్ళి తల్లి దగ్గర ఉండిపోయింది.

ఒక సంతనాడు ఆ ఆడవాళ్ళంతా నా ఉప్పు బస్తాల చుట్టూ చేరారు. అందరిలోకీ పెద్దది, "బాబూ, బేగి ఎల్లి ఆ కతకి ఆకరి బాగం తే" అంది.

"ఏటంత తొందర?"

"మొదలెట్టిన కత మద్దెలో వొగ్గేసి సచ్చిపోతే ఆ మనిసి ఎక్కడికీ ఎల్లదు. దారిలో కూకుని, వచ్చేవోళ్ళనీ ఎల్లేవోళ్ళనీ తరవాతేటయిందని అడుగుతాది. అప్పుడు ఆయమ్మంటే మాకు బయమైపోతాది." ఉప్పు బస్తా మీద చెయ్యి ఆనించి, "ఆయమ్మకి బయపడ్డం మాకిట్టం నేదు బాబూ" అంది.

ఎడ్లని మనిషికి అప్పగించి కొండ దిగాను.

పుస్తకాల కొట్టువాడు ఆఖరి భాగం అచ్చు కాలేదన్నాడు. రాసినాయన ఇంకా ఆలోచిస్తున్నాడట. ఒంట్లో బాగున్నవాడు ఎంతసేపైనా ఆలోచిస్తాడు. వట్టి చేతులతో కొండెక్కాను.

వసారాలో పీట లాక్కుంటుంటే మా ఆవిడ వచ్చి, "లోపలికి రండి. అమ్మ తలుపు దాకా రాలేదు" అంది. వెళ్ళాను. మంచం పక్కన, ఆవిడకి ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి. ఆవిడ చెంగు తల మీదికి లాక్కున్నారు. నేను వచ్చానని తెలిసి ఆడవాళ్ళు గుమ్మం నిండా మూగారు.

"తెచ్చారేటి బాబూ?"

"పుస్తకం ఒక్కటే ఉందత్తయ్యా, కొట్టువాడు ఇవ్వనన్నాడు. అక్కడే నిలబడి చదివేశాను" అన్నాను. నోటికొచ్చింది మొదలెట్టాను. యువరాజు వచ్చాడు, పెద్ద సుత్తితో కొట్టాడు, కోట పగిలింది, మంత్రగత్తె భయపడి చచ్చింది.

గుమ్మంలో ఒక్కరూ ఊ కొట్టలేదు. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు.

"ఇన్ని బాగాల్లో పగలనిది ఇప్పుడెలా పగిలింది?" అన్నారు అత్తగారు.

"ఇది కొత్త సుత్తత్తయ్యా."

ఆవిడ నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. మా ఆవిడ నన్ను కాల్చేసేలా చూసింది. దగ్గు తగ్గాక, "మీరు జరగండి బాబూ. నాను సెప్తాను" అన్నారు.

ఆగి ఆగి చెప్పారు. కోటకి కాపలాగా లోపలే ఉండే మంత్రగత్తెకి దగ్గొచ్చింది. ఎవరూ రాని కొండ మీద మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. కోటలోని గుంటే, ఆ రాజుగారి పిల్లే, జాలిపడి, ఇంత అంబలి కాచి ముసలిదానికి పట్టించింది. కడుపులో వెచ్చబడి ముసలిది నిద్రపోయింది. మంత్రం చదివే నోరు ఆగింది. అంతలో పొద్దెక్కింది. ఎండ తగిలేసరికి కోట గోడలు కారడం మొదలెట్టాయి.

"గాజు కారడమేటమ్మా?" అంది పెద్దది.

"గాజెక్కడిదే? మంతరానికి గడ్డకట్టిన మంచు."

"మరి ఇన్నాళ్ళూ ఆ యువరాజులు కొట్టింది మంచునా?"

"మంచునే. మగోళ్ళు కదా, పొద్దెక్కేదాకా ఆగరు."

గుమ్మమంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను.

"ముసల్దేటయింది?"

"గుంట దాన్ని వొగ్గేయనేదు. సెయ్యి పట్టుకుని కిందకి తెచ్చి ఎండలో కూకోబెట్టింది. అంతే. కత అయిపోనాది."

"నిజంగా అయిపోనాదా?"

"ఇంకేటీ నేదు. మీ దారిన మీరు ఎల్లండి."

అందరూ ఒక్క గొంతుతో ఊ కొట్టారు. పెద్దది వంగి గడపని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ వారంలోనే అత్తగారు వెళ్ళిపోయారు.

మొన్న ఆఖరి భాగం అచ్చై వచ్చింది. కొన్నాను. అంచులు కలిసి ఉన్న పేజీలు ఇంకా కత్తిరించి తెరవలేదు. మీలో మాయల కథలు ఇష్టమైనవాళ్ళుంటే గాజుకోట తప్పకుండా చదవండి, మిగతా భాగాలన్నీ అంబలి మాడ్చేవే. ఆఖరిది ఎలా ఉందో మాత్రం నన్నడగకండి.

ఆవిణ్ణి సంతకి దిగే దారి పక్కనే పెట్టాము. మరుసటి సంతనాడు నేను కాస్త దూరంలో ఎడ్లని ఆపి చూస్తూ నిలబడ్డాను. పైన ఇంకో చుట్టుదారి ఉంది. అటు ఎవరూ వెళ్ళలేదు. కొండ ఆడవాళ్ళంతా పసుపు గంపలతో, గొడవగా మాట్లాడుకుంటూ సమాధి పక్క దారినే దిగారు. చంటివాడితో వెనకబడిన ఒక పడుచు సమాధి దగ్గర ఆగి, గంప దించి మట్టి మీద పెట్టింది. పక్కనే చతికిలబడి, పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, నింపాదిగా పాలివ్వడం మొదలుపెట్టింది.