తోక దీపం, గోడ మీద అద్దం

2022 చలికాలం. టెక్సాస్‌లో ఫ్రిస్కో నుంచి గంట దూరంలో ఒక చిన్న ఎయిర్‌పోర్ట్, అందులో చివరి హ్యాంగర్. ఆ రేకుల షెడ్డులో ఇద్దరు కూర్చోగల బుల్లి విమానం. రిటైరైన ఇంజినీరు సత్యమూర్తిగారు, డెబ్బై మూడేళ్లు, తొమ్మిదేళ్లుగా దాన్ని తన చేతులతో కట్టుకుంటున్నారు. తోక దీపం, దాని వయరింగ్ మాత్రం నాకు అప్పగించారు.

నేను ఈ పని ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడని ఆరేళ్లూ కాపెల్ ఊరి లైబ్రరీలోనే గడిపాను. విమానాల ఎలక్ట్రికల్ పుస్తకాలున్న అర వైపు నేను తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. ఉద్యోగానికి పర్మిట్ వచ్చాక ఒక విమానాల రిపేరు షాపులో వయరింగ్ బల్ల దగ్గర చేరాను. ఏం అడిగినా పేజీతో సహా చెప్పగలనని నాకు గర్వం.

తోక దీపాన్ని రడ్డర్ మీద బిగిస్తాం. రడ్డర్ అంటే తోక చివర తలుపులా ఇటూ అటూ తిరిగే నిలువు పలక. పైలట్ కాళ్లతో పెడల్ తొక్కి దాన్ని తిప్పుతాడు. అందుకే అక్కడి తీగకి కొంత వదులు వదలాలి. దాన్ని సర్వీస్ లూప్ అంటారు.

గురువారం మధ్యాహ్నానికి పని ముగించాను. మర్నాడు తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. అతను సంతకం పెడితేనే విమానం ఎగరాలి. ఆ తేదీ కోసం సత్యమూర్తిగారు ఏడు నెలలు ఆగారు. పై నెలలో ఆయనకి కంటి ఆపరేషన్. ఆ తరవాత ఆయన్ని పైలట్‌గా ఒప్పుకుంటారో లేదో ఎవరూ చెప్పలేరు.

తోక వెనక గోడకి ఒక నిలువుటద్దం తగిలించి ఉంది.

“ఇదెందుకంకుల్, తల దువ్వుకోడానికా?”

“దువ్వడానికేం మిగిలిందమ్మా?” అంటూ బట్టతల తడుముకున్నారు. “కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి తన తోక కనపడదు కదా. ఇదివరకు మా లలిత వెనక నిలబడి కేకలేసి చెప్పేది. తను పోయాక మూడేళ్లుగా ఈ అద్దమే.”

నేను స్క్రూడ్రైవర్లు సర్దుకున్నాను.

ఆయన లోపలికెక్కి స్విచ్ వేశారు. మెడ తిప్పి అద్దంలోకి చూస్తూ ఎడమ పెడల్ పూర్తిగా తొక్కారు.

“అమ్మాయ్, ఆరిపోయింది!”

కాలు తీస్తే వెలిగింది. తొక్కితే మళ్లీ ఆరింది.

“తోకదాకా నేను లాగిన పాత తీగలోనే ఏదో ఉంటుంది,” అన్నారు దిగులుగా. “పోనీ వదిలెయ్యమ్మా. అంత లోతుగా ఎవరు తొక్కుతారు? రేపటి డేట్ మిస్సయితే నా పని అయిపోయినట్టే.”

తప్పు ఆయనే తన మీద వేసుకున్నారు. నేను నోరు మూసుకుంటే చాలు. కానీ జరిగిందేమిటో నాకు అప్పటికే అర్థమైంది. పని ముగించేటప్పుడు రడ్డర్‌ని చేత్తో రెండు వైపులా తిప్పి చూశాను, అప్పుడు కరెంటు లేదు. దీపం వేసి చూశాను, అప్పుడు రడ్డర్ తిన్నగా ఉంది. పుస్తకంలో అవి రెండు వేరు వేరు అధ్యాయాలు. నేనూ అలాగే వేరు వేరుగా చూశాను. రెండూ కలిపి చూడాలంటే ఇంకో మనిషి కావాలి. ఏళ్ల తరబడి ఒక్కదాన్నే పనిచేస్తున్న నాకు ఆ ఆలోచనే రాలేదు.

“మీ తీగ కాదంకుల్, తప్పు నాది. లూప్ చాలలేదు, కనెక్టర్‌లో పిన్ లాగేస్తోంది. దిగేటప్పుడు గాలి అడ్డంగా కొడితే అంత లోతూ తొక్కాలి. తీగ ఊడి రడ్డర్ కీలులో ఇరుక్కుందంటే మీరు తిప్పలేరు. ఇప్పుడే విప్పుతాను.”

“టైమ్ సరిపోతుందా?”

“మీరు టీ పెడితే సరిపోతుంది.”

తీగ మార్చి, కొత్త పిన్ నొక్కి, లూప్ పొడుగు పెంచేసరికి పొద్దు వాలింది. ఆయన మళ్లీ కాక్‌పిట్ ఎక్కి మెడ తిప్పబోయారు. నేను వెళ్లి అద్దానికి అడ్డంగా నిలబడ్డాను.

“ముందుకే చూడండంకుల్. ఎడమ తొక్కండి!”

తొక్కారు.

“వెలుగుతోంది! కుడి?”

తొక్కారు.

“వెలుగుతోంది!”

ఆయన పెడల్ మీంచి కాలు తియ్యలేదు.

“ఇంకోసారి చెప్పమ్మా,” అన్నారు, తల తిప్పకుండానే.

చెప్పాను.

ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడు. మరుసటి వారం ఒక సాయంత్రం విమానం మొదటిసారి లేచింది. తొలిసారి పైలట్ ఒక్కడే వెళ్లాలి కాబట్టి పక్క సీటు ఖాళీ. కంచె దగ్గర నేనొక్కదాన్నే. తెల్లటి చుక్క చిన్నదవుతూ పోయింది. ఆయనకి అది కనపడదు. “వెలుగుతోందంకుల్,” అని గాలిలోకే పైకి అన్నాను.

ఇప్పుడు తోక దీపం పెట్టిన ప్రతిసారీ, షాపులో ఎవరూ లేకపోతే, పార్సిల్ తెచ్చినతన్నయినా ఆపి తోక వెనక నిలబెడతాను. నేను లోపల కూర్చుని పెడల్ తొక్కి, ముందుకే చూస్తూ అడుగుతాను, వెలుగుతోందా అని. అతను చెప్పేదాకా కాలు తియ్యను.