వాండా ప్రూయిట్ స్పీకరు ఫోను

వాండా ప్రూయిట్ చేత ఫోను చెవికి పెట్టించగల మనిషి మా ఒహాయోలో ఇంకా పుట్టలేదు. ఆవిడ ఎవరితో మాట్లాడినా స్పీకరు మీదే, అదీ పూర్తి శబ్దంతో. మా క్లినిక్కులో ఆవిడ బల్లకి ఇవతల పదకొండేళ్ళు కూర్చున్న నర్సుని నేను. నా ఓర్పుకి ఈ పాటికి ఎవరైనా శాలువా కప్పి ఉండాల్సింది.

డాక్టరు గారు బరువు తగ్గే సూదిమందు రాసిస్తారు. అది మందుల షాపు దాటి బయటికి రావాలంటే ముందు ఇన్సూరెన్స్ కంపెనీ సరే అనాలి. అనిపించడమే వాండా ఉద్యోగం. వాళ్ళు మొదట వద్దంటారు, ఈవిడ ఫోను చేస్తుంది, వాళ్ళు లైనులో ఉండమంటారు. ఇక ఆగినంతసేపూ ఫోనులో వేసే పిల్లనగ్రోవి పాట మొదలవుతుంది. నిమిషంలో అయిపోయే ముక్క, మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యమధ్యలో ఒకావిడ వచ్చి మన కాల్ తమకెంతో ముఖ్యమని చెప్పి పోతుంది. ఒకరోజు మా డాక్టర్ లిప్కా ఒకాయన గుండె పరీక్ష చేస్తూ స్టెతస్కోపు తీసి నాతో, "టెస్సా, ఈయన గుండెలో పిల్లనగ్రోవి వినిపిస్తోంది, తలుపెయ్యి" అన్నారు.

చెవులకి తగిలించుకునే ఫోను ఒకటి ఆవిడ పుట్టినరోజుకి నా సొంత డబ్బుతో కొనిచ్చాను. ముద్దు పెట్టుకుని మరీ తీసుకుంది. మర్నాటి నుంచి దానికి కళ్ళజోడు వేలాడదీసింది. మా చెల్లెలి పెళ్ళిలో చర్చి మధ్య నిలబడి నేను ఆ పిల్లనగ్రోవి ముక్క కూనిరాగం తీశానని మావాళ్ళు ఇప్పటికీ దెప్పుతారు.

ఇది చాలదన్నట్టు, ఎవరి మందు కోసం ఫోను చేస్తోందో ఆ రోగిని కూడా పిలిపించి పక్క కుర్చీలో కూర్చోబెడుతుంది. ఇంట్లో హాయిగా పడుకోవాల్సిన వాళ్ళు గంటల తరబడి ఆ సంగీతం వింటూ కూర్చోవాలి. "వాళ్ళనెందుకమ్మా రప్పించడం, పని అయ్యాక కబురు చెయ్యొచ్చుగా" అంటే, "నాకు తోడు" అనేది. పని పూర్తయ్యాక కూడా ఫోను పెట్టేయదు. అవతలి వాళ్ళని, "ఇందులో మా మనిషి తప్పేమైనా ఉందా? కాస్త గట్టిగా చెప్పు నాయనా" అని అడిగి, లేదనిపించుకుని గానీ వదలదు. గెలిచిన చోట కూడా దెబ్బలాట వెతుక్కునే మనిషి అనుకుని నేను పళ్ళు నూరుకునేదాన్ని.

మొన్న ఆగస్టులో ఎల్డన్ టిబ్స్ వచ్చాడు. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు తోలుతున్నాడు. కిందటేడు రక్తపోటు చూసి, డ్రైవర్ల లైసెన్సుకి పరీక్ష చేసే డాక్టరు బస్సు నడపొచ్చని మూడు నెలలకే కార్డు ఇచ్చాడు, తగ్గకపోతే బస్సు తాళాలు ఇచ్చేయాలన్నాడు. సూదిమందు మొదలుపెట్టాక రెండువందల అరవై ఎనిమిది పౌన్ల మనిషి రెండువందల ఏడుకి వచ్చాడు, రక్తపోటూ దిగింది. ఇప్పుడు మందు కొనసాగించడానికి కంపెనీ ఒప్పుకోలేదు. ఇంట్లో రెండే సూదులు మిగిలాయి. వచ్చే నెలలో మళ్ళీ లైసెన్సు పరీక్ష.

కంపెనీ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చాడు. "వైద్యపరంగా అవసరం లేదని రాశారు. నోరు కట్టుకోవడం చేతకాని వెధవకి మందెందుకని దానర్థం. నిజమే కదా. ఇంక వదిలేద్దాం వాండా" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

"కూర్చో" అంది వాండా.

గంటా పది నిమిషాలు పిల్లనగ్రోవి. నేను రెండు రక్త నమూనాలకి పేర్లు తారుమారు చేసి మళ్ళీ సరిచేసుకున్నాను. చివరికి బ్రియెల్ అనే అమ్మాయి పలికింది. కాగితాలు చూసి, ఆయన బరువు తమ హద్దుకంటే తక్కువ ఉందండీ, అందుకే కుదరలేదంది.

"ఎందుకు తక్కువ ఉంది తల్లీ?" అంది వాండా.

"మందు పనిచేసి... తగ్గినట్టున్నారు."

"తగ్గినందుకే ఆపేస్తారా?"

ఆ అమ్మాయి వెతికింది. మొదటిసారి మందు అడిగేవాళ్ళకి ఒక హద్దు, కొనసాగించేవాళ్ళకి వేరే లెక్క. తమ ఆఫీసులో ఎవరో ఈయన్ని కొత్తవాళ్ళ వరసలో ఎక్కించారు. సరిచేస్తున్నానంది. రెండు నిమిషాల్లో ఏడాదికి అనుమతి వచ్చేసింది. నేను చేతులెత్తి దేవుడికి దణ్ణం పెట్టి, ఇక ఫోను పెట్టేయమని సైగ చేశాను. వాండా నా వైపు చూస్తేగా.

"ఇందులో మా ఎల్డన్ తప్పేమైనా ఉందా? కాస్త గట్టిగా చెప్పమ్మా."

"లేదండీ. ఆయన తప్పేమీ లేదు. ఆయన చెయ్యాల్సిందంతా చాలా బాగా చేశారు."

ఎల్డన్ తలెత్తాడు. పదకొండేళ్ళు పక్కనే ఉండి నేను చూడనిది అప్పుడు చూశాను. ఆ కుర్చీలో కూర్చునే ప్రతివాళ్ళూ ఆ ఉత్తరాన్ని తమ మీద తీర్పు అనుకునే వస్తారు. నీ తప్పు కాదని మేము చెబితే జాలి అనుకుంటారు. వద్దన్నవాళ్ళ నోటితోనే ఆ మాట వీళ్ళ చెవిన వేయించడానికి ఈవిడ మా అందరి చెవులకీ చిల్లులు పొడుస్తోంది. నాకు సిగ్గేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది, ముందే చెప్పి ఏడవొచ్చుగా అని.

"ఇంకేమైనా సాయం కావాలా అండీ?" అంది బ్రియెల్.

ఎల్డన్ ఫోను మీదికి వంగాడు. "కావాలమ్మా. ఇప్పుడన్నావు చూడు, ఆ మాట మా ఆవిడ ముందు ఇంకోసారి అనాలి. కారులో కూర్చుంది. పిలుచుకొస్తా, లైనులో ఉండు."

లేచి బయటికి పరుగెత్తాడు. నాకు తెలిసి ఇన్సూరెన్స్ కంపెనీ మాకోసం లైనులో ఆగడం అదే మొదలు. నాలుగు నిమిషాలు ఆగింది పాపం.

మార్లీస్ టిబ్స్ చేతిసంచీతో సహా వచ్చి నిలబడింది. బ్రియెల్ మొత్తం మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకా గట్టిగా. మార్లీస్ అంతా విని మొగుడి వైపు తిరిగింది.

"పది రోజుల్నుంచి నేనూ ఇదే కదయ్యా మొత్తుకుంటున్నాను? ఆ పిల్ల చెబితే గానీ ఎక్కలేదా?"

"నాకు వద్దని చెప్పడానికి నీకెవరూ జీతం ఇవ్వడం లేదుగా" అన్నాడు ఎల్డన్, కుర్చీలో నిటారుగా కూర్చుంటూ.