ఖాళీ అనుకున్న పిస్టల్

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ పిస్టల్ షూటింగ్ నేర్చుకునేదాన్ని. జిల్లా జట్టు ఎంపిక రోజున నాన్నగారు కూడా వచ్చి నా వెనక బెంచీ మీద కూర్చున్నారు.

మూడో తూటాకి పిస్టల్ ఆగిపోయింది. కంగారుగా, తూటాలు నింపే మేగజైన్‌ను పిడిలోంచి బయటికి లాగాను. నేను తొందరపడి నింపడంతో మిగిలిన తూటాల అడుగు అంచులు ఒకదానికొకటి చిక్కుకుని ఉన్నాయి. అది వెనక నిలబడ్డ మా కోచ్ గారికి చూపిద్దామని, పిస్టల్ చేతిలో ఉండగానే వెనక్కి తిరిగాను.

“అమ్మా, కదలకు! ట్రిగ్గర్ మీంచి వేలు తీసెయ్!” అని అరిచారాయన.

“మేగజైన్ తీసేశానండి. ఖాళీయేనండి.”

ఆయన నా మణికట్టు పట్టుకుని పిస్టల్‌ను టార్గెట్ వైపు తిప్పి, దాని పైన జరిగే స్లయిడ్‌ను వెనక్కి లాగారు. లోపలి నుంచి ఒక తూటా ఎగిరి సిమెంటు నేల మీద పడింది. నేను మేగజైన్ లాగగానే, అప్పటికే సగం పైకి వచ్చి ఇరుక్కున్న తూటా అందులోంచి విడిపడి గొట్టంలోకి వెళ్ళిపోయిందట. అంతవరకూ ఆ గొట్టం నాన్నగారి ఛాతీకి ఎదురుగా ఉంది.

నన్ను పోటీ నుంచి తప్పించారు. ఇంటికెళ్ళాక అమ్మ “ఏమైందండీ?” అని అడిగితే, నాన్నగారు “పిస్టల్ మొరాయించిందిలే, పాపం దీని తప్పేం లేదు” అన్నారు.

తప్పంతా నాదేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయేదాన్నేమో.