సొన్నప్ప మామ అడుగున్నర

మా సొన్నప్ప మామకు ఉన్న నేల నచ్చదు. ఏ గది చూపించినా కిటికీలోంచి మబ్బుల్ని కాసేపు చూస్తాడు, అక్కడేదో కొలత దొరికినట్టు తలూపుతాడు. "ఈడ ఒక అరుగు ఎత్తుదామప్పా" అంటాడు. కాటన్‌పేట వడ్రంగి. నా ఇంటీరియర్ డిజైన్లకు చెక్కపనంతా ఆయనదే. నేను గీసేది ఏదైనా, ఆయన కట్టేది చెక్క అరుగే.

బీరువా కావాలన్న దేవరాజ్ గారికి అరుగు కట్టి, బీరువాను దాని కింద పడుకోబెట్టాడు. పైగా గది కొలిచే ముందు ఇంట్లోవాళ్ళ మోకాళ్ళు కొలుస్తాడు.

"వడ్రంగివా, దర్జీవా మామా?"

"కూర్చునేది మనుషులు కదమ్మా రాధికా, గోడలు కాదు."

మొన్న బ్రూక్‌ఫీల్డ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. యజమాని యశ్వంత్ ముందే చెప్పేశాడు: "మేడమ్, ప్లాట్‌ఫామ్ కనిపిస్తే కాంట్రాక్ట్ క్యాన్సిల్."

వాళ్ళమ్మ గౌరమ్మ మాత్రం బాల్కనీలో విప్పి కట్టిపెట్టిన తన గుంట మగ్గాన్నే చూస్తోంది. నలభై ఏళ్ళు దాని మీదే నేసింది. కాళ్ళు గుంటలో దింపి తొక్కితేగానీ అది నడవదు. తొమ్మిదో అంతస్తులో గుంట ఎవరు తవ్వనిస్తారు? ఆదివారం దాన్ని ఎవరికో ఇచ్చేస్తానని కొడుకు మాటిచ్చేశాడు. మామ వెళ్ళి ఆమె మోకాలు కొలిచాడు. ఇక కాంట్రాక్ట్ పోయినట్టే అనుకున్నాను.

శనివారం నేనూ యశ్వంత్ వెళ్ళేసరికి కిటికీ కింద పెద్ద అరుగు, దాని నడుమ ఇంత గుంత. యశ్వంత్ మొహం కందగడ్డ అయింది.

"వద్దన్నదే కట్టారు. అదీ సగంలో వదిలేశారు."

"కిందికి తవ్వేకి కాదు కదప్పా" అన్నాడు మామ, చొక్కా మీది పొట్టు దులుపుకుంటూ. "అందుకే నేలనే పైకెత్తినా. మీ అమ్మ కాళ్ళకు అడుగున్నర సరిపోతాది. మగ్గానికి కూడా జాగా ఉండాది."

గౌరమ్మ వచ్చి గుంత అంచున కూర్చుంది. కాళ్ళు కిందికి జార్చింది. సరిగ్గా అందాయి. మగ్గం లేకుండానే ఒకసారి తొక్కి, చెయ్యి అటూ ఇటూ ఆడించింది. కిటికీ అవతల వానమబ్బు మెల్లగా కదిలింది. ఆమె దాన్నే నేస్తోందనిపించింది నాకు.

"యశూ, మగ్గం ఎవరికీ ఇయ్యొద్దురా" అంది.

యశ్వంత్ బాల్కనీలోకి వెళ్ళి మగ్గం కట్లు విప్పసాగాడు. దేవరాజ్ గారి ముసలి నాన్న ఈమధ్య మామ కట్టిన అరుగు మీంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడుతున్న సంగతి నాకప్పుడు తట్టింది. దర్జీ అన్నందుకు సిగ్గేసింది కూడా.

"మామా" అని నసిగాడు యశ్వంత్, "హాల్లో కూడా ఒకటి..."

మామ అప్పటికే టేపు తీసి అతని మోకాలి దగ్గర కూర్చున్నాడు.