ఎర్రమోకాళ్ల సాలీడుకు జోడు

అంజన్న బర్రె మేత ముట్టక మూడు దినాలైంది. నాలుగోనాడు పొద్దుగాల్నే అంజన్న భద్రమ్మ ఇంటి ముందట నిలవడి, వాడకట్టంత వినవడేటట్టు ఒర్లవట్టిండు.

"భద్రమ్మా! నీ ఇంట్ల కిరాయికి దిగిన పిల్ల అద్దాల డబ్బల బొచ్చు సాలెపురుగును సాదుతాంది. గది బాణామతి గాకపోతే ఇంకేంది? నా బర్రెకు గదే తగిలింది. ఇయ్యాల అటో ఇటో తేలాలె!"

భద్రమ్మకు అరవై తొమ్మిదేండ్లు, చిన్నప్పటిసంది బర్రెలతోనే బతుకు. కట్టంగూర్ ఊర్ల ఆమె నోటికి ఎదురువడ్డోడు మళ్ల ఆ గల్లీల అడుగువెట్టింది లేదు. కొంగు నడుముకు చెక్కి ఆమె గడప దాటేలోపట్నే, కిరాయికున్న రూప తడి నెత్తి తుడుసుకుంట బయటికొచ్చింది.

"అంజన్న మామా, బర్రె మేత బంద్ జేసింది ఏ దినం?"

"ఐతారం."

"నేను సామాను దించుకున్నది?"

నల్లా కాడ బిందె పట్టుకున్న రామమ్మ అందుకున్నది. "సోమారం పొద్దుమీకి. ఆ బీరువాను, ఆ అద్దాల డబ్బను నా కొడుకే గద మోసింది."

"మరి నేను రాకముందే నా సాలీడు నడుసుకుంటొచ్చి నీ బర్రెకు చెప్పిపోయిందా మామా? డాక్టరును పిలువు. నాకు బాణామతే వస్తే ముందుగాల నీ నోరు పడగొడుదును, బర్రె ఏం పాపం జేసింది?"

గల్లీ గల్లీ నవ్వింది. డాక్టరొచ్చి మందు వోసిండు, బర్రె లేసింది. అంజన్న నెల దినాలు వేరే తొవ్వల తిరిగిండు.

భద్రమ్మకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. తను జెయ్యాల్సిన కొట్లాటను నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల నాలుగు మాటలల్ల ముగించేసింది. అది ఒక మంట. ఇంట్ల పురుగున్నదన్న సంగతి ఇంటామెకే తెల్వదు. అది ఇంకో మంట. సక్కగ రూప అర్రలకు వోయింది.

"నాకు చెప్పకుంట నా ఇంట్ల పురుగును వెడ్తవా పోరీ?"

"చెప్తే జాగా ఇస్తుంటివా అవ్వా?"

"ఇయ్యకపోతుంటి!"

"గందుకే చెప్పలే."

గంత మొండిది. ఆ మొండితనం యాడికెల్లొచ్చిందో భద్రమ్మ మెల్లగ తెలుసుకున్నది. రూప తండ్రి జాషువా పుట్టినకాడికెల్లి ఒగ ఆసామి కింద జీతమున్నడు. గుంటెడు భూమి లేదు. ఆ ఆసామి కొట్టం పక్క గుడిసెల పెరిగిన పిల్ల, చదివి చదివి నకిరేకల్ల రక్తపరీక్షల ల్యాబుల కొలువు పట్టింది. నరం దొరకని ముసలోళ్లకు గూడ ఒక్క పోటుకే సూది దించుతది. చంటిపిల్లలు ఏడుద్దామనుకునేలోపట దూది వెట్టేస్తది. ముప్పై రెండేండ్లకు సొంతంగ సంపాయించుకున్నది, సొంతంగ బతుకుతాంది, ఒకల ముందట తల దించది.

సాలీడును జొన్నగింజంత ఉన్నప్పుడు తెచ్చుకున్నది. మెక్సికో దేశం టరాంటులా జాతి. నాలుగేండ్లల్ల అరచెయ్యంత అయింది. నల్లటి ఒళ్లు, మోకాళ్ల మీద నిప్పుకణికల సొంటి ఎరుపు. దాన్ని సాదుతున్నట్టు సర్కారుల రాయించుకున్న కాయితం గూడ ఉన్నది. కొల్లాపూర్ అవతలి అడివిల సాలీళ్లను దొంగతనంగ పట్టి అమ్ముకునేటోళ్లంటే రూపకు ఒళ్లు మండుతది. "ఇండ్లల్ల పుట్టినయి దొరికితే అడివి జోలికి ఎవడు వోతడవ్వా?" అంటది.

ఆ వానకాలం సాలీడు కుబుసం ఇడిసింది. కొత్త ఒంటితోని బయటికొచ్చినంక చూస్తే, ముందటి కాళ్లకు కొక్కేలు, నోటికాడి చిన్న చేతుల కొసలకు గుబ్బలు. మగది. రూప మొకం వాడిపోయింది.

"మగదైతే ఏమాయె?" అన్నది భద్రమ్మ.

"ఆడది ఇరువై ఏండ్లు బతుకుతదవ్వా. మగదానికి గిదే ఆఖరి కుబుసం. ఇంక ఏడాది బతికితే గొప్ప."

"మగోళ్లు ఏ జాతిల ఒడ్డున పడ్డరు గనక," అన్నది గని భద్రమ్మకు నవ్వు రాలేదు. ఆ పిల్లకు ఇంట్ల మాట్లాడుకునే జీవి అదొక్కటే. అది పోయేలోపట ఆడదాన్ని జోడు వెట్టి, దాని సంతానాన్ని నిలుపుకోవాలె. రూప పట్టు గది. ఆ జాతి ఆడది దొరుకుడే కష్టం. అయిదు నెలలు వెతికినంక నల్గొండల రంగుచేపలు, పిట్టలు అమ్మే నవీన్‌కుమార్ ఒకటున్నదని ఫోన్ చేసిండు.

"నేనొస్త," అన్నది భద్రమ్మ.

"బర్రె గాదవ్వా."

"జీవమే గద! నడువు."

దుకాణంల నవీన్‌కుమార్ అద్దాల డబ్బ ముందట వెట్టిండు. లోపట ఎర్రమోకాళ్లది ముడుసుకోని కూసున్నది. పక్కన చిన్న డబ్బల ఎండిన కుబుసం. "మొన్న నెల ఇడిసింది మేడం. చూసుకోండి, పక్కా ఆడది."

రూప కుబుసాన్ని నీళ్లల్ల నానవెట్టి, చిన్న పట్టకారుతోని మెల్లగ ఇప్పి, భూతద్దం కింద చూసింది. కడుపు భాగంల లోపలి దిక్కు చిన్న సంచి మడత కనవడ్డది. ఆడదానికే ఉంటదది. రూప కండ్లు మెరిసినయి. పైసల కోసం చేతిసంచిల చెయ్యి వెట్టింది.

భద్రమ్మ మాత్రం కుబుసాన్నే చూస్తాంది. తర్వాత డబ్బల దాన్ని చూసింది. మళ్ల కుబుసాన్ని చూసింది. ఆమెకు పాత బేరమొకటి యాదికొచ్చింది. ముప్పై ఏండ్ల కింద అంగడిల ఆమె ఒగ బర్రెను కొన్నది. కింద దూడ, పొదుగు నిండ పాలు. ఇంటికొచ్చినంక మూడో దినం చుక్క పాలు లేవు. దూడ వేరే బర్రెది. పక్కన కట్టి చూపిచ్చిన్రు. అప్పటిసంది భద్రమ్మ తల్లిని చూడదు, ముందుగాల దూడను చూస్తది.

"ఓ పిల్లా, పైసలు లోపల వెట్టు. కుబుసం ఇడిసినంక ఒళ్లు పెరుగుతదా, తగ్గుతదా?"

"పెరుగుతదవ్వా."

"మరి గా తల మీది గట్టి చిప్పను కొలువు. గీ పొరదేమో రూపాయి బిళ్లంతున్నది, దానిదేమో చింతగింజంతున్నది. గంత అంగిల్నుంచి గింత మనిషెట్లొచ్చిండు?"

రూప స్కేలు వెట్టి కొలిసింది. ఆమె మొకం ఎర్రవడ్డది. "ఇది దీని కుబుసం గాదు."

"ఎండితే కొంచెం అటిటైతది మేడం..."

"కాళ్లు ముడుసుకుంటయి. చిప్ప ముడుసుకోదు. పెద్దగైతే అసలే గాదు!"

నవీన్‌కుమార్ భద్రమ్మ దిక్కు తిరిగిండు. "గీ ముసలామె ఎవరు? సదువా సంధ్యా? బర్రెలు పిండుకునేటామె లెక్కున్నది, ఈమెకు టరాంటులాల గురించేం తెలుసు?"

భద్రమ్మ బల్ల మీద రెండు చేతులు ఆనించింది. "మూడో తరగతిల బడి బంద్ జేసిన, బిడ్డా. లెక్కలు రావు. గని దొంగదూడ తెలుసు. నువ్వు ఎవలదో పొర తెచ్చి ఎవలకో తొడిగినవు. నీ మొకం మీద గూడ నీ పొర ఉన్నదో లేదో కొలవాలె. గీ పొర ఇడిసినదాన్ని బయటికి తీస్తవా, నీ దుకాణం ముందట కూసోని వచ్చేటోనికి పొయ్యేటోనికి చెప్పాల్నా?"

"అది సచ్చిపోయింది."

"కాయితం చూపియ్యి," అన్నది రూప. ఆమె గొంతు లేవలేదు. అంజన్న ముందట ఎంతుండెనో గంతే ఉన్నది. "సర్కారుల రాయించిన కాయితం. సస్తే అందుల రాసి ఉండాలె. లేకుంటే దాన్ని దాసినట్టు."

నవీన్‌కుమార్ చెమటలు తుడుసుకున్నడు. ఎనకాల అరలకెల్లి పేపరు కప్పిన డబ్బ దించిండు. లోపట ముద్దపప్పు లెక్క నిండుగ, మొద్దుకాళ్లతోని పెద్దదొకటి. ఎక్కువ ధరకు హైదరాబాదోనికని దాసిపెట్టిండు. చిప్ప కొలిస్తే కుబుసం కన్న జర పెద్దదే. రూప వాడు అడిగినంత ఇచ్చి, కాయితం తన పేరు మీదికి రాయించుకున్నది.

బస్సుల భద్రమ్మ ఊకోలేదు. "బేరం జెయ్యకుంట ఇచ్చినవు! దొంగకు దండం వెట్టి ఇచ్చినట్టున్నది!"

"బేరం జేస్తే మళ్ల దాస్తడవ్వా. మన సాలీడుకు నెలలే ఉన్నయి."

ఇంటికి తెచ్చినంక ఆడదానికి పది దినాలు బొద్దింకలు కడుపు నిండ వెట్టింది. ఆకలిమీదుంటే మగదాన్ని తినేస్తదట. ఆ మాట చెవున వడ్డకాడికెల్లి భద్రమ్మకు నిద్ర లేదు. "నాలుగేండ్లు సాది సాది దాని నోట్ల వెడ్తవా? గిదేం పెండ్లి, నీ ఎర్రితనం తగలెయ్య!" అని పొద్దుకు పదిసార్లు తిట్టింది. మగదాని డబ్బ కాడికి వోయి దాన్ని గూడ తిట్టింది. "పోకురా, పోతే నీ సావు నువ్వే సస్తవు!"

ఐతారం పొద్దుగూకంగ రూప కిటికీకి దుప్పటి కట్టింది. ఆడదాని డబ్బ మూత తీసి, మగదాన్ని ఒగ మూలకు దించింది. అది ముందటికాళ్లతోని నేలను టకటక కొట్టింది. అవతల పెద్దది కదిలింది. పది మందికి సూది గుచ్చే రూప అట్టముక్కను అందుకున్నది, మళ్ల కింద వెట్టింది. ఆఖరికి దాన్ని తీసి భద్రమ్మ చేతుల వెట్టింది.

"అవ్వా, నీది బర్రెలకు పురుడు వోసిన చెయ్యి. నా చెయ్యి లెక్క వణకది. ఆమె కోరలు లేపుతది, గది మామూలే, వీడు కొక్కేలతోని పట్టుకుంటడు. అప్పుడు అడ్డం పోకు. పని అయి వీడు ఇడిసి ఎనక్కి జరిగినప్పుడు ఆమె మీదికొస్తే, గీ అట్ట నడుమ వెట్టు. నేను ఒర్లినా నా మాట ఇనకు. వాన్ని చూడకు, ఆమెనే చూడు."

భద్రమ్మ కొంగు నడుముకు చెక్కి, అట్ట పట్టుకోని డబ్బ మీదికి వంగి, ఆడదాని మీదనే చూపు నిలిపింది.