మంద వెనక నిలబెట్టిన దేవుడు

మా మేస్త్రీ చనిపోయినాడని పోయిన వారం తెలిసింది. సెలవు మీద నెల్లూరులో వాళ్ళింటికి పోయున్నాడు. పొద్దున నమాజు చేసుకుని గోడకానుకుని కూర్చున్నాడంట, అట్లే ఒరిగిపోయినాడంట. ఆయన గురించి నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆయన ఉండగానే చెప్పాల్సింది.

కరోనా తగ్గినాక షార్జాలో ఒక చైనా హోటలుకు పైకప్పు వేసినాం. ఆకుపచ్చ పింగాణీ పెంకులు, నున్నగా మెరుస్తాయి. కప్పు వాలు మూలల్లో వరసగా బొమ్మలు నిలబెట్టాల. సింహం, గుర్రం, చేప, పేరు తెలీనివి ఇంకొన్ని, కోడి మీద కూర్చున్న ఒక మనిషి. ఆయన వాళ్ళకు దేవుడి లెక్కంట. మేస్త్రీ ఆ పెట్టెను నేల మీద పెట్టనిచ్చేవాడు కాదు. "ఎవరో మొక్కేది గదా అబ్బయా, కాళ్ళకాడ పెట్టబాక" అనేవాడు. ముదీర్, అంటే మా మేనేజరు, తొందరగా కానీమని యల్లా యల్లా అంటూ ఎంత అరిచినా, ఒక్కో పెంకును గుడ్డతో తుడిచిగానీ కూర్చోబెట్టడు. ఆ నిదానానికి నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు ఆయన ఆఫీసుకు పోయుంటే మొదటి మూల నేనే కట్టేసినా. డ్రాయింగు సరిగ్గా చూడలా. మాది అనంతపురం పక్క, గొర్లు కాసే ఇల్లు. కాపరి మంద వెనకాలే గదా నడిచేది. కోడి మీది మనిషిని జంతువులన్నిటికీ వెనక పెట్టి సిమెంటు వేసినా. చూసుకుని మురిసిపోయినా గూడా.

రెండ్రోజులకు చైనా ఇంజనీరు వచ్చి తల పట్టుకున్నాడు. వాళ్ళ దేవుడు అందరికంటే ముందు, కప్పు అంచు మీద ఉండాలంట. జంతువులు ఆయన వెనక రావాలంట. పీకితే రెండు బొమ్మలు పగిలినాయి. "ఎవడు చేసింది? వాడి వీసా ఖలాస్" అన్నాడు ముదీర్. నేనొచ్చి మూడు నెలలు. ఇంటికాడ నా భార్య కడుపుతో ఉంది.

"నేనే అట్ల పెట్టమన్నా" అన్నాడు మేస్త్రీ.

పాత మనిషని ఇంటికి పంపలా. మేస్త్రీతనం తీసేసి, దూరంగా ఉన్న మఫ్రఖ్ సైటుకు మామూలు పనికి తోసినారు. బస్సెక్కేటప్పుడు, "నువ్వేం మాట్లాడబాక. ఈసారి డ్రాయింగు చూడు" అన్నాడు. నేను నిజంగానే మాట్లాడలా. ఇన్నేళ్ళూ ముదీర్‌కు చెప్పలా. సిగ్గుగా ఉంది.

నిన్న వాళ్ళింటికి ఫోన్ చేసినా. కూతురు ఎత్తింది. ఏడ్చి ఏడ్చి, మధ్యలో కొంచెం నవ్వింది.

"మా అబ్బా షార్జాలో దేవుణ్ణి మంద వెనక నిలబెట్టినాడంట గదా చాచా. చేతులారా మేస్త్రీ పని పోగొట్టుకున్నావని అమ్మీ ఎంత తిట్టేదో. నవ్వతా పడేవాడు."

ఇంట్లో కూడా చెప్పలేదు ఆయన.

"ఆ తప్పు నాదమ్మా" అన్నా.

"ఉండండి చాచా, స్పీకర్ పెడతా. అమ్మీ పక్కనే ఉంది. మళ్ళీ చెప్పండి" అంది.